మీటరు బోర్డు మీద ఆరని దీపం

తాళం తిప్పగానే మీటరు బోర్డు మీద దీపాలన్నీ ఒక్కసారి వెలుగుతాయి. ఇంజన్ అందుకున్నాక ఒక్కొక్కటే ఆరిపోతాయి. పదేళ్లు దాటిన కార్లలో ఏదో ఒకటి ఆరకుండా ఉండిపోవడం మామూలే. అప్పుడు కొందరు దాన్ని నెలల తరబడి పట్టించుకోకుండా తిరుగుతారు. మరికొందరు గ్యారేజీకి వెళ్లి, "సెన్సార్ పోయింది సార్" అన్న మాట మీద నాలుగైదు వేలు పెట్టి కొత్త సెన్సార్ వేయించుకుంటారు. వారం తిరక్కుండా అదే దీపం మళ్లీ వెలిగితే, ఈసారి ఇంకో సెన్సార్ వంతు వస్తుంది.

డబ్బు ఇక్కడే వృథా అవుతోంది. కారులోని కంప్యూటర్‌కు పార్టులు కనపడవు. దానికి కనపడేవి వోల్టేజీలు, వాటి మధ్య కాలవ్యవధులు మాత్రమే. ఈ పరిస్థితిలో ఈ వైరు మీద ఇంత వోల్టేజీ ఉండాలని అది ఒక లెక్క వేసుకుంటుంది. వచ్చిన అంకె ఆ లెక్కకు కుదరకపోతే ఒక కోడ్ రాసిపెట్టుకుని దీపం వెలిగిస్తుంది. లెక్క ఎక్కడ తప్పిందో కోడ్ చెబుతుంది. ఎందుకు తప్పిందో మనమే కొలిచి తెలుసుకోవాలి.

ముందు రంగు చూడండి

వాహనాల దీపాల గుర్తులకు అంతర్జాతీయ ప్రమాణం ఉంది. అందుకే ఏ కంపెనీ కారైనా నూనె డబ్బా బొమ్మ, బ్యాటరీ బొమ్మ, ఇంజన్ బొమ్మ ఒకేలా ఉంటాయి. ఎరుపు అంటే వెంటనే ఆగమని. పసుపు అంటే త్వరలో చూపించమని. ఆకుపచ్చ, నీలం రంగులు ఫలానాది పనిచేస్తోందని చెప్పడానికే.

ఎర్ర దీపాల్లో మూడింటి విషయంలో ఇంటిదాకా పోనిద్దాం అనుకోకూడదు. ఆయిల్ ప్రెజర్, ఇంజన్ వేడి, బ్రేకు. పసుపు దీపాల్లో చెక్ ఇంజన్ దీపం నిలకడగా వెలుగుతుంటే తొందర లేదు, అదే టపటపా కొట్టుకుంటుంటే తొందర ఉంది. ఆ తేడా ఎందుకో కాసేపట్లో చూద్దాం.

ఈ దీపం ఎవరి కోసం పుట్టింది?

1950ల మొదట్లో లాస్ ఏంజెలెస్ నగరాన్ని కళ్లు మండించే గోధుమరంగు పొగ కమ్మేస్తుండేది. కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పనిచేసే జీవరసాయన శాస్త్రవేత్త ఆరీ హాగెన్-స్మిట్ దాని గుట్టు విప్పాడు. కార్ల పొగలోని హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండ తగిలి చర్య జరిపి ఓజోన్‌ను పుట్టిస్తున్నాయని తేల్చాడు. కార్ల పొగ మీద నిబంధనలు ఆ తర్వాత వచ్చాయి. అయితే షోరూములోంచి శుభ్రంగా వచ్చిన కారు కూడా పాతబడేకొద్దీ మురికిగా నడుస్తుంది. అందుకని తన పొగ వ్యవస్థను కారు తానే గమనించుకుని యజమానికి చెప్పాలని కాలిఫోర్నియా వాయు వనరుల మండలి పట్టుబట్టింది. 1988 మోడల్ కార్లతో అక్కడ మొదటి తరం ఓబీడీ మొదలైంది. ఓబీడీ అంటే కారులోనే ఉండే రోగనిర్ధారణ వ్యవస్థ. 1996 నుంచి అమెరికా అంతటా రెండో తరం తప్పనిసరి అయింది. 2001లో యూరప్ పెట్రోలు కార్లకు వచ్చింది. మన దేశంలో భారత్ స్టేజ్-4 కార్లకు 2010 ఏప్రిల్‌లో మొదటి దశ, 2013 ఏప్రిల్‌లో రెండో దశ అమల్లోకి వచ్చాయి.

చెక్ ఇంజన్ దీపం పుట్టింది ఊరి గాలి కోసమన్నమాట. బండి బాగానే లాగుతోంది, మైలేజీ బాగానే ఉంది, అయినా దీపం వెలుగుతోందంటే వింతేమీ కాదు. ఇంకో సంగతి. 2013 తర్వాత తయారైన కారైతే, స్టీరింగ్ కింది సాకెట్‌కు తగిలించి కోడ్ చదివే ఏ మామూలు స్కానర్‌తోనైనా మాట్లాడుతుంది. అంతకంటే పాత బండికి అదే సాకెట్ ఉన్నా, దాని భాష కంపెనీ స్కానర్‌కే తెలిసి ఉండొచ్చు.

కోడ్ చదవడం

ఆ సాకెట్‌లో 16 పిన్నులుంటాయి. 16వ పిన్నుకు ఎప్పుడూ బ్యాటరీ పాజిటివ్ ఉంటుంది. 4, 5 పిన్నులు ఎర్త్. బ్లూటూత్‌తో ఫోనుకు కలిసే చిన్న స్కానర్ కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. అది పెట్టినా వెలగకపోతే స్కానర్‌ను తిట్టుకోకుండా ముందు ఫ్యూజు చూడండి. చాలా కార్లలో సిగరెట్ లైటర్‌కూ ఈ సాకెట్‌కూ ఒకటే ఫ్యూజు.

కోడ్‌లో మొదటి అక్షరం పి అయితే ఇంజన్, గేరుబాక్సు. సి అయితే బ్రేకులు, స్టీరింగ్ వంటివి. బి అయితే బాడీకి సంబంధించినవి. యు అయితే కంప్యూటర్ల మధ్య సమాచార మార్గం. పి తర్వాత సున్నా ఉంటే అది అన్ని కంపెనీలకూ ఒకే అర్థమున్న కోడ్. ఒకటి ఉంటే కంపెనీ సొంత కోడ్. ఆ పక్క అంకె 1 గానీ 2 గానీ అయితే గాలి, ఇంధనం లెక్క. 3 అయితే మంట. 4 అయితే పొగను శుభ్రపరిచే వ్యవస్థ.

కోడ్‌తోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ అనే పట్టిక కూడా ఉంటుంది. తప్పు పట్టుబడిన క్షణంలో ఇంజన్ ఎంత వేగంతో తిరుగుతోంది, ఎంత వేడిగా ఉంది, బండి ఎంత స్పీడులో ఉందన్నది అందులో ఉంటుంది. కోడ్ చెరిపితే ఈ పట్టికా పోతుంది. అందుకే ఏ బటన్ నొక్కే ముందైనా తెరను ఫొటో తీసిపెట్టుకోండి.

మొదట కరెంటు కొలవండి

పాత కారులో ఏబీఎస్, పవర్ స్టీరింగ్, చెక్ ఇంజన్ దీపాలు రెండు మూడు ఒకేసారి వెలిగితే, అన్ని పార్టులూ ఒకేరోజు కట్టగట్టుకుని పాడైపోవు. వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది, ముందు చూడాల్సినది కరెంటు. దాన్ని కొలవడానికి మూడు నాలుగు వందల రూపాయల మల్టీమీటర్ చాలు.

రాత్రంతా ఆగి ఉన్న బండిలో, నిండుగా చార్జయిన మంచి బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది. 12.2 అంటే దాదాపు సగం ఖాళీ. ఇంజన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 దాకా ఉండాలి. నడుస్తుండగా కూడా 12.3, 12.2 అంటూ దిగుతూ పోతుంటే ఆల్టర్నేటర్, అంటే మన మెకానిక్కుల మాటలో డైనమో, చార్జింగ్ ఇవ్వడం లేదు.

ఎర్ర బ్యాటరీ దీపం పనితీరు ముచ్చటైనది. పాత కార్లలో దాని ఒక కొస బ్యాటరీ వైపు, రెండో కొస ఆల్టర్నేటర్ వైపు ఉంటుంది. నీటి మట్టం సమానంగా ఉన్న రెండు ట్యాంకుల మధ్య పైపు వేసినా నీళ్లు పారనట్టే, రెండు కొసల్లోనూ వోల్టేజీ సమానమైతే దీపంలో కరెంటు పారదు. ఇంజన్ తిరిగి ఆల్టర్నేటర్ పుంజుకోగానే దీపం ఆరిపోవడానికి కారణం ఇదే. నడుస్తుండగా వెలిగిందంటే ఆల్టర్నేటర్ కొస పడిపోయిందన్నమాట. బెల్టు తెగిందా, జారుతోందా, వెనక కనెక్టర్ వదులైందా అన్నది ముందు చూడాలి. ఇవన్నీ బాగుంటే లోపల కార్బన్ బ్రష్షులు అరిగి ఉండొచ్చు, రెగ్యులేటర్ పోయి ఉండొచ్చు. విజయవాడ ఆటోనగర్‌లాంటి చోట ఆ రెండిటినీ విడిగా మార్చి ఇచ్చేవాళ్లుంటారు. ఆల్టర్నేటర్ మొత్తం కొనాల్సిన అవసరం చాలాసార్లు రాదు.

బ్యాటరీ, ఆల్టర్నేటర్ రెండూ బాగున్నా దీపాలు వెలుగుతుంటే ఎర్త్ చూడాలి. బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి, ఇంజన్‌కు పోయే లావు తీగ బోల్టు దగ్గర చిలుము పడుతుంది, తుప్పు పడుతుంది. ఆ చిలుము నిరోధం కేవలం 0.01 ఓమ్ అనుకుందాం. సెల్ఫ్ కొట్టేటప్పుడు మోటారు 150 ఆంపియర్లు లాగితే ఓమ్ సూత్రం ప్రకారం అక్కడే 1.5 వోల్టులు పోతాయి. మామూలు మల్టీమీటర్ అంత చిన్న నిరోధాన్ని చూపలేదు, వోల్టేజీని మాత్రం ఇట్టే చూపిస్తుంది. మీటరు ఒక ముల్లు బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇంజన్ లోహం మీద పెట్టి ఒకరిని సెల్ఫ్ కొట్టమనండి. అర వోల్టు దాటితే ఎర్త్ బాగోలేదు. బోల్టు విప్పి, ఉప్పు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించడమే దాని రిపేరు.

మిస్సింగ్ ఎలా తెలుస్తుంది?

ఇంజన్ "మిస్సింగ్ కొడుతోంది" అని మెకానిక్ చెవితో కనిపెడతాడు. కంప్యూటర్ ఆ పని క్రాంక్ షాఫ్ట్‌కు బిగించిన పళ్ల చక్రంతో చేస్తుంది. చాలా కార్లలో ఆ చక్రానికి 60 పళ్ల చోటు ఉంటుంది. రెండు పళ్లు కావాలనే వదిలేస్తారు, చుట్టు ఎక్కడ మొదలైందో తెలియడానికి. పన్నుకూ పన్నుకూ మధ్య 6 డిగ్రీలు. ఇంజన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంటే ఆ 6 డిగ్రీలకు పట్టేది 1.25 మిల్లీసెకన్లు. నాలుగు సిలిండర్ల ఇంజన్లో ప్రతి అరచుట్టుకూ ఒక సిలిండర్ మండి చక్రాన్ని తోస్తుంది. ఒక సిలిండర్ మండకపోతే ఆ అరచుట్టు రవ్వంత నెమ్మదిస్తుంది. ఆ ఆలస్యం ఎవరి వంతులో వచ్చిందో చూసి కంప్యూటర్ కోడ్ రాస్తుంది. పి0302 అంటే రెండో సిలిండర్, పి0303 అంటే మూడోది. పి0300 అయితే ఏ ఒక్క సిలిండర్‌కో పరిమితం కాలేదని అర్థం.

ఈ కోడ్‌కు కారణం ప్లగ్గు కావచ్చు, కాయిల్ కావచ్చు, ఇంజెక్టర్ కావచ్చు, ఎలుక కొరికిన వైరూ కావచ్చు. సిలిండర్‌కొక కాయిల్ ఉన్న ఇంజన్లో పైసా ఖర్చులేని పరీక్ష ఒకటుంది. పి0302 వచ్చిందనుకోండి. ఇంజన్ ఆపి, రెండో సిలిండర్ కాయిల్ మూడోదానికి, మూడోదానిది రెండోదానికి మార్చండి. కోడ్ చెరిపి కాస్త దూరం నడపండి. ఇప్పుడు పి0303 వస్తే కాయిల్‌తోపాటు తప్పు కూడా చోటు మారింది, కాబట్టి ఆ కాయిలే దోషి. మళ్లీ పి0302 వస్తే కాయిల్ మంచిదే. ఇదే పద్ధతిలో ప్లగ్గులను మార్చి చూడండి.

దీపం కొట్టుకుంటే తొందర ఎందుకన్న ప్రశ్నకు జవాబూ ఇక్కడే ఉంది. మిస్సింగ్ మరీ ఎక్కువైనప్పుడే అది అలా కొట్టుకుంటుంది. సిలిండర్లో మండని పెట్రోలు సైలెన్సర్ దారిలోని కెటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి అక్కడ మండుతుంది. ప్లాటినం, పెలేడియం, రోడియం పూతతో ఉన్న లోపలి పింగాణీ జల్లెడ ఆ వేడికి కరిగి పూడుకుపోగలదు. ప్లగ్గు ధర వందల్లో, కాయిల్ ధర వేలల్లో ఉంటుంది. కన్వర్టర్ పదివేలు దాటుతుంది. దీపం కొట్టుకుంటున్నప్పుడు రేస్ చేయకుండా పక్కకు ఆపడమే చౌకైన రిపేరు.

గాలికీ పెట్రోలుకూ లెక్క

పెట్రోలు పూర్తిగా మండాలంటే ఒక కిలో పెట్రోలుకు సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఆ పాళ్లు కుదిరాయో లేదో పొగ దారిలో ఉన్న ఆక్సిజన్ సెన్సార్ చెబుతుంది. దానిలోని జిర్కోనియా పింగాణీకి ఒకవైపు పొగ, రెండోవైపు బయటి గాలి తగులుతుంటాయి. రెండువైపులా ఆక్సిజన్ తేడా ఎక్కువైతే, అంటే పెట్రోలు ఎక్కువైనప్పుడు, సుమారు 0.9 వోల్టులు పుడతాయి. పొగలో ఆక్సిజన్ మిగిలితే 0.1కి పడిపోతుంది. ఆ పింగాణీ దాదాపు 300 డిగ్రీల సెల్సియస్ దాటితేనే పనిచేస్తుంది కాబట్టి లోపల ఒక చిన్న హీటర్ కూడా ఉంటుంది. పి0135 అనే కోడ్ ఆ హీటర్ సర్క్యూట్ గురించి. అది వస్తే ముందు ఫ్యూజు, తర్వాత కనెక్టర్, ఆ తర్వాత హీటర్ నిరోధం చూడాలి. బాగున్న హీటర్ కొన్ని ఓమ్‌లు చూపిస్తుంది. మీటరు అసలు కదలకపోతే హీటర్ తెగింది. అప్పుడు సెన్సార్ కొనడం న్యాయమే.

పి0171 సంగతి వేరు. పాళ్లలో గాలి ఎక్కువైంది, పెట్రోలు తక్కువైంది అని దాని అర్థం. ఈ కోడ్ చూసి ఆక్సిజన్ సెన్సార్ మార్చేవాళ్లు చాలామంది. పొగలో ఆక్సిజన్ మిగిలిపోతోందని సెన్సార్ సరిగ్గా చెప్పినప్పుడూ ఈ కోడ్ వస్తుంది. సెన్సార్ బాగుందో లేదో చూడాలంటే వేడెక్కిన ఇంజన్‌ను ఒక్కసారి చటుక్కున రేస్ చేయండి. స్కానర్‌లో అంకె 0.9 దగ్గరికి ఎగబాకి, పెడల్ వదలగానే కిందికి దిగితే అది బతికే ఉంది.

ఇక అదనపు గాలి ఎక్కడిదో వెతకాలి. స్కానర్ లైవ్ డేటాలో ఫ్యుయెల్ ట్రిమ్ అనే శాతం ఉంటుంది. లెక్క కుదర్చడానికి కంప్యూటర్ ఎంత పెట్రోలు కలుపుతోందో, ఎంత తగ్గిస్తోందో అది చెబుతుంది. అటూ ఇటూ 10 శాతం లోపు ఉంటే కంగారు లేదు. లోపలికొచ్చే గాలిని తూచే మాస్ ఎయిర్ ఫ్లో సెన్సార్ ఉన్న ఇంజన్‌ను తీసుకుందాం. స్లోలో, అంటే పెడల్ తొక్కనప్పుడు, అది సెకనుకు 2 గ్రాముల గాలి పీల్చుకుంటోందనుకోండి. పగిలిన రబ్బరు పైపులోంచి తూకానికి దొరకని 0.4 గ్రాము చొరబడితే అది 20 శాతం. అదే ఇంజన్ 2500 చుట్ల దగ్గర 8 గ్రాములు పీలుస్తుంటే, ఆ 0.4 గ్రాము 5 శాతమే. స్లోలో ట్రిమ్ ఎక్కువై, రేస్ చేస్తే తగ్గితే గాలి లీకు. స్లోలో బాగానే ఉండి, ఎత్తు ఎక్కేటప్పుడు పెరిగితే పెట్రోలు చాలడం లేదు. అప్పుడు ఫిల్టర్, పంపు ఒత్తిడి చూడాలి.

గాలిని తూచకుండా మానిఫోల్డ్ ఒత్తిడిని బట్టి అంచనా వేసే మ్యాప్ సెన్సార్ ఇంజన్లూ ఉన్నాయి. వాటిలో లీకైన గాలి కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. అందుకే అక్కడ లీకు ఉంటే ట్రిమ్ కంటే స్లో స్పీడు పెరగడం ముందు కనిపిస్తుంది. మన కారు ఏ రకమో తెలుసుకోకుండా అంకెలకు అర్థం చెప్పకూడదు. సెన్సార్‌కు ముందు సైలెన్సర్ పైపు పగిలినా బయటి గాలి చేరి ఇదే పి0171 రావచ్చు. గట్టిపడి బీటలు వారిన రబ్బరు పైపులను చేత్తో వంచి చూడటం, బుసకొట్టినట్టుండే చప్పుడు వినడం సగం పని చేసిపెడతాయి.

పి0420: తొందరపడకూడని కోడ్

కన్వర్టర్ సామర్థ్యం తగ్గిందని చెప్పే కోడ్ ఇది. కన్వర్టర్‌లో సీరియం ఆక్సైడ్ అనే పదార్థం ఆక్సిజన్‌ను దాచుకుని, అవసరమైనప్పుడు వదులుతుంది. కాబట్టి ముందున్న సెన్సార్ 0.1, 0.9 మధ్య ఊగుతున్నా వెనకున్న సెన్సార్ నిలకడగా ఉండాలి. వెనకది కూడా ముందుదాన్ని చూసి ఊగడం మొదలుపెడితే దాచుకునే శక్తి పోయిందని కంప్యూటర్ తేల్చుకుంటుంది. అయితే సైలెన్సర్ జాయింట్ లీకైనా వెనక సెన్సార్ ఊగుతుంది. అందుకే ముందు లీకు మూయించాలి. మిస్సింగ్ గానీ ఆయిల్ మండటం గానీ ఉంటే వాటిని బాగుచేయించాలి. వాటిని వదిలేసి కొత్త కన్వర్టర్ వేయిస్తే, పాతదాన్ని చంపిన కారణమే కొత్తదాన్నీ చంపుతుంది.

చక్రాలు, ఆయిల్

ఏబీఎస్ పసుపు దీపం ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకులు పనిచేస్తాయి, చక్రాలు బిగుసుకుపోకుండా కాపాడే సాయం మాత్రమే పోతుంది. ప్రతి చక్రం దగ్గర ఒక వేగం సెన్సార్ ఉంటుంది. 20 కిలోమీటర్ల వేగంలో నాలుగు చక్రాల అంకెలూ చూడగల స్కానర్ ఉంటే, మూడు 20 అని, ఒకటి సున్నా అని చెబితే వెతుకులాట ఒక చక్రానికి కుదించుకుపోతుంది. అక్కడ బురద, ఇనుప పొడి, తెగిన వైరు, పగిలిన పళ్ల రింగు చూశాకే సెన్సార్ మాట ఎత్తాలి. ఎర్ర బ్రేకు దీపం మాత్రం వేరు. హ్యాండ్‌బ్రేక్ దించి ఉన్నా అది వెలిగితే బ్రేక్ ఆయిల్ మట్టం చూడాలి. ప్యాడ్లు అరిగేకొద్దీ మట్టం నెమ్మదిగా దిగుతుంది. ఒక్కసారిగా దిగితే ఎక్కడో కారుతోంది, బండి కదపకూడదు.

ఆయిల్ దీపం వెనక ఉన్నది ఒక చిన్న స్విచ్చి. ఒత్తిడి బాగా పడిపోతే అందులో స్ప్రింగు నెగ్గి దీపం వెలుగుతుంది. అది వెలిగితే వెంటనే ఇంజన్ ఆపేయండి. కాసేపాగి డిప్‌స్టిక్‌తో మట్టం చూడండి. మట్టం సరిగానే ఉండి, వేడెక్కాక స్లోలో మాత్రమే వెలుగుతుంటే రెండు అవకాశాలు. స్విచ్చి పాడై ఉండొచ్చు, దాని ధర కొన్ని వందలే. లేదా బేరింగులు అరిగి, వేడికి పలచబడ్డ ఆయిల్ సందుల్లోంచి జారిపోతూ ఒత్తిడి నిలవకపోవచ్చు, అది ఇంజన్ పని. ఈ రెండిటినీ ఊహతో తేల్చకూడదు. స్విచ్చి విప్పిన చోటే ఒత్తిడి మీటరు బిగించి చూపించమని మెకానిక్‌ను అడగాలి.

ఎయిర్‌బ్యాగ్ దీపం ఒక్కదాని జోలికి ఇంట్లో వెళ్లొద్దు. మల్టీమీటర్ పంపే కాస్త కరెంటైనా అక్కడ ప్రమాదం. అది తెలిసినవాళ్ల పని.

చెరిపేస్తే పోతుందా?

స్కానర్‌తో కోడ్ చెరిపితే దీపం ఆరుతుంది, తప్పు అలాగే ఉంటుంది. చాలా లోపాలను కంప్యూటర్ వరుసగా ఒకటికి మించిన ప్రయాణాల్లో చూశాకే దీపం వెలిగిస్తుంది. లోపం నిజంగా తొలగిపోతే వరుసగా మూడు మంచి ప్రయాణాల తర్వాత తానే ఆర్పుతుంది. కోడ్ చెరిపినప్పుడు కారు తనను తాను పరీక్షించుకున్న రికార్డు కూడా చెరిగిపోతుంది. అమెరికాలో పాత హోండానో టయోటానో కొనుక్కున్న మన విద్యార్థులు పొగ పరీక్షకు ముందు కోడ్ చెరిపి వెళ్తే, పరీక్షలు పూర్తి కాలేదని అక్కడి యంత్రమే పట్టేస్తుంది. సెకండ్‌హ్యాండ్ కారు కొనేటప్పుడు ఈ సంగతి మనకూ పనికొస్తుంది. దీపం ఆరి ఉంది కదా అని ఊరుకోకుండా, స్వీయ పరీక్షలు పూర్తయ్యాయో లేదో స్కానర్‌లో చూడండి. అన్నీ అసంపూర్తిగా ఉంటే ఈమధ్యే ఎవరో చెరిపారు, లేదా బ్యాటరీ తీశారు.

మన దగ్గర కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి పొడిగించుకోవాలి. అంతకాలం, ఆపైన కూడా బండిని తక్కువ ఖర్చులో నడపాలంటే ఒక మల్టీమీటర్, ఒక చిన్న స్కానర్, ఒక నోటుపుస్తకం ఉంచుకోండి. ఏ తేదీన ఏ కోడ్ వచ్చింది, ఏం కొలిస్తే ఎంత వచ్చింది, ఏం మార్చారు అన్నవి రాసిపెట్టండి. గ్యారేజీకి వెళ్లినప్పుడు ఏ పార్టు మార్చాలని అడగకండి. ఏం కొలిచి ఆ మాట చెబుతున్నారని అడగండి. జవాబులో ఒక అంకె లేకపోతే ఆ పార్టు కొనకండి.